ముందు కొలిమి కొనకండి

ఇంటి వెనక ఇత్తడి పోత మొదలుపెట్టాలనుకుంటే బర్నరు, సిలిండరు, క్రూసిబుల్ కొనకండి. ఒక ఎండాకాలమంతా నిప్పు ముట్టించకుండా ఇసుకతోనే గడపండి. పటాన్‌చెరు పారిశ్రామికవాడ షెడ్లలో ఈ మాటంటే వెర్రివాణ్ణి చూసినట్టు చూస్తారు. అయినా అంటాను. పోత ఎక్కువగా చెడేది మంట దగ్గర కాదు, అచ్చు దగ్గర.

ఇల్లు కట్టే ఇసుక ముతక. సన్న జల్లెడ పట్టండి. పది కిలోలకు సుమారు కిలో బెంటోనైట్ బంకమట్టి, అర కిలోకు మించకుండా నీళ్లు. పిడికిట్లో నొక్కితే వేళ్ల గుర్తులు పడాలి, విరిస్తే అంచు రాలకుండా రెండుగా విరగాలి, అరచేతికి తడి అంటకూడదు. ప్యాటర్న్ (చెక్క నమూనా) చుట్టూ బాక్సులో దట్టించండి, ప్యాటర్న్ తీయండి, అంచు రాలితే కూల్చి మళ్లీ దట్టించండి. ఈ పనికి గ్యాసు ఖర్చు లేదు, చేయి కాలదు.

ప్యాటర్న్‌ను కావలసిన కొలతకు చేయకండి. చల్లారేటప్పుడు ఇత్తడి నూటికి దాదాపు ఒకటిన్నర వంతు ముడుచుకుంటుంది. 100 మిల్లీమీటర్లు కావాలంటే చెక్క 101.5 ఉండాలి, లేతు మీద తీసేది అదనం.

దగ్గరే కదా అని పోత నేర్చుకోవడానికి పెంబర్తి వెళ్లకండి. అక్కడిది రేకు పని, చాలా గొప్ప పని, కానీ వేరే విద్య. దూరమైనా శ్రీకాకుళం జిల్లా బుడితి వెళ్లి, పోత పోసేవాళ్ల చేతులు చూడండి.

వానాకాలంలో కొలిమి మూసేయండి, ఆర్డరు పోయినా సరే. నీరు ఆవిరైతే సుమారు 1,600 రెట్లు పెరుగుతుంది. అచ్చు ఇసుకలోని కొద్ది తడి రేణువుల సందుల్లోంచి బయటపడుతుంది. తడి స్క్రాపులో, తడి సిమెంటు నేలలో ఆ దారి ఉండదు. కరిగిన ఇత్తడి మొహం మీదికి చిమ్ముతుంది. ఎండలో కూడా పొడి ఇసుక పరిచిన నేల మీదే పోయండి. తోలు బూట్లు, నూలు బట్టలు, మొహానికి షీల్డు తప్పనిసరి.

మూల నిండకపోతే వేడి పెంచమంటారు. వినకండి, ముందు రన్నర్, అంటే లోహం అచ్చులోకి పారే కాలువ, వెడల్పు చేయండి. ఇత్తడి 930 డిగ్రీల ప్రాంతంలో కరుగుతుంది, విడి జింకు 907కే మరుగుతుంది. మంట పెంచేకొద్దీ జింకు తెల్లపొగై లేస్తుంది. అది పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలిజ్వరం. పాత కుళాయిల్లో సీసం కూడా ఉంటుంది, వాటితో వంట గిన్నెలు పోయొద్దు. పటాన్‌చెరు పక్క ముత్తంగి లాంటి ఊళ్లో గోడ ఆనుకుని ఇంకో ఇల్లుంటే ఇంట్లో పోయనే వద్దు, ఊరవతల జాగా చూసుకోండి. ఫ్యాక్టరీల కాలుష్యంతో నక్కవాగు ఏమైందో కళ్లారా చూసిన ప్రాంతం మనది. పక్కింటి పిల్లల ఊపిరిలోకి మన పొగ వెళ్లకూడదు.

చెడిన ముక్కను వెంటనే మళ్లీ కరిగించకండి. హాక్సాతో అడ్డంగా కోయండి. నున్నగా, గుండ్రంగా ఉన్న బొక్కలు గాలివి. ఇసుకలో తడి తగ్గించండి. గరుకుగా, చీలినట్టున్నవి ముడుచుకున్నప్పటివి. రైజర్‌ను, అంటే ముడుచుకునేటప్పుడు అదనపు లోహం అందించే గొట్టాన్ని, ఆ బొక్కలున్న మందపు భాగం మీదికి జరపండి, లావు చేయండి.