బూడిద ఊడ్చేయమనే సలహా

ఇల్లు కాలినవాళ్ల చుట్టూ మొదటి రోజు చేరేవాళ్లంతా మంచివాళ్లే. అన్నం వండి తెస్తారు, చీరలు తెస్తారు, పిల్లల్ని తమ ఇంట్లో పడుకోబెట్టుకుంటారు. సలహాలూ వాళ్లే ఇస్తారు. బాధ అంటే, మంట వదిలేసినవి కొన్ని ఆ సలహాల వల్ల పోతాయి. అందుకే తరచూ వినబడేవాటిని చెప్పి, వాటిని ఎందుకు వినకూడదో రాస్తున్నాను.

"ఈ దరిద్రమంతా కళ్ల ముందు ఉండకూడదు. సాయంత్రంలోగా ఊడ్చి పారేసి, ఇల్లు కడిగి శాంతి చేయిద్దాం." ఇది అన్నిటికన్నా ముందు వచ్చే మాట, అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే మాట. శాంతి వారం తర్వాత చేయించుకోవచ్చు. బూడిద మాత్రం మీకున్న సాక్ష్యం. ఇల్లు చల్లారి, లోపలికి వెళ్లొచ్చని ఫైర్ సిబ్బంది చెప్పాక ప్రతి గదినీ ఫోన్లో వీడియో తీయండి. కాలిన టీవీ, ఫ్రిజ్, కుట్టు మిషను, ఏదీ పారేయకండి. ఫైర్ స్టేషన్లో రిపోర్టు కోసం అర్జీ పెట్టండి, పోలీసులకు ఫిర్యాదు రాసివ్వండి. తాటాకు ఇల్లయితే ఎమ్మార్వో ఆఫీసు వాళ్లు వచ్చి పంచనామా రాసుకునేదాకా ఆగండి, ప్రభుత్వ సాయం ఆ కాగితం మీదే కదులుతుంది. బీమా ఉంటే వెంటనే కబురు చేయండి, సర్వేయర్ వచ్చి చూసేదాకా సామాను కదపకండి. మాకు బీమా ఎక్కడిది అని తేల్చేసుకోవద్దు. ఇంటి మీద అప్పు ఉన్నవాళ్లు బ్యాంకుకు వెళ్లి అడగాలి, అప్పు ఇచ్చేటప్పుడు వాళ్లే బీమా చేయించి ఉండొచ్చు. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీలో ఇంటికి బీమా తీసుకుంటే, జాబితా ఇవ్వకపోయినా సామానుకు ఆ మొత్తంలో 20 శాతం దాకా, గరిష్ఠంగా 10 లక్షల దాకా రక్షణ ఉంటుంది. నగలకు మాత్రం విడిగా తీసుకోవాలి. మంటకు గ్యాస్ సిలిండరే కారణమైతే, కనెక్షన్ ఉన్న ఏజెన్సీకి ఆలస్యం చేయకుండా రాతపూర్వకంగా తెలియజేయండి. ఆయిల్ కంపెనీలు తమ వినియోగదారుల కోసం బీమా తీసుకుని ఉంటాయి. ఈ సంగతి తెలియక అడగనివాళ్ల గురించి వింటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

"బీరువా పగలగొట్టి ముందు బంగారం తీయండి." బీరువా రేకు వేడిని పట్టుకుని ఉంటుంది. లోపల గాలి అందక కమిలిపోయిన బట్టలు, కాగితాలు తలుపు తీయగానే గాలి తగిలి భగ్గుమనవచ్చు. రేకు పూర్తిగా చల్లారేదాకా ఆగాలి, అవసరమైతే మర్నాటి దాకా. బంగారం ఎక్కడికీ పోదు. మేలిమి బంగారం కరగాలంటే 1064 డిగ్రీల వేడి కావాలి, ఒకవేళ కరిగినా ముద్దగా అక్కడే పడి ఉంటుంది. బీరువా ఉన్నచోటి బూడిదను జల్లెడ పట్టండి. ఊడ్చి పెంటమీద పోయమన్నవాళ్లకు ఈ సంగతి తోచదు.

"నోట్లు మాడిపోయాయి, ఇక అవి బొగ్గే." కాదు. బాగా మాడి, పెళుసుబారి, ఒకదానికొకటి అతుక్కుపోయిన నోట్లను మామూలు బ్యాంకు శాఖలు తీసుకోవు, రిజర్వు బ్యాంకు ఇష్యూ ఆఫీసు పరిశీలిస్తుంది. హైదరాబాద్ సైఫాబాద్‌లో ఉన్నది అలాంటి ఆఫీసే. నోట్లను విడదీయబోకండి, లెక్కపెట్టబోకండి. కట్టను కట్టగానే గట్టి డబ్బాలో, చుట్టూ దూది పెట్టి తీసుకెళ్లండి. 50 రూపాయలు, అంతకు మించిన నోటులో అతిపెద్ద ముక్క 80 శాతం పైన మిగిలితే పూర్తి విలువ, 40 నుంచి 80 శాతం మధ్య ఉంటే సగం వస్తుంది.

"కరెంటు వేసి చూడండి, ఫ్రిజ్ పనిచేస్తుందేమో." వైర్ల మీది ప్లాస్టిక్ కాలినప్పుడు వచ్చే పొగలో ఆమ్లం ఉంటుంది. అది పైకి బాగానే కనిపించే వస్తువుల లోపలి లోహాన్ని తినేస్తుంది, పైగా ఆర్పిన నీళ్లు గోడల్లోకి దిగి ఉంటాయి. ఎలక్ట్రీషియన్ చూసేదాకా మెయిన్ ముట్టుకోవద్దు. గోడల మసిని తడిగుడ్డతో తుడవమనేవాళ్లూ ఉంటారు. అలా చేస్తే మసి సున్నంలోకి ఇంకుతుంది. ముందు పొడిగా దులపాలి.

ఇక కాగితాలు. వీటి విషయంలో తప్పుడు సలహాలు మంటకు ఎన్నో ఏళ్ల ముందే మొదలవుతాయి. "సర్టిఫికెట్లకు లామినేషన్ చేయిస్తే భద్రం" అని ఊరూరా జిరాక్స్ షాపుల్లో చెబుతారు. ఆ ప్లాస్టిక్ వేడికి కరిగి అక్షరాల మీదే అతుక్కుంటుంది, దాన్ని ఊడదీయడం ఎవరి తరమూ కాదు. "ఫైర్‌ప్రూఫ్ పెట్టె కొని పెన్‌డ్రైవ్ అందులో పెట్టండి" అనేది కొత్త సలహా. కాగితాల కోసం చేసే ఆ పెట్టెలు లోపలి వేడి 177 డిగ్రీలు దాటకుండా చూస్తాయి. కాగితం దానికి తట్టుకుంటుంది, పెన్‌డ్రైవ్ తట్టుకోదు.

అన్నిటికన్నా ప్రాణాంతకమైనది మరొకటి ఉంది. "ఒరిజినల్స్ అన్నీ ఒకే ఫైలులో పెట్టుకోండి, నిప్పంటుకుంటే ముందు దాన్ని పట్టుకుని బయటికి రండి." దయచేసి ఈ మాట మీ పిల్లలకు చెప్పకండి. ఒకసారి బయటికి వచ్చాక దేనికోసమూ లోపలికి వెళ్లకూడదు, బయటి నుంచి 101కి ఫోన్ చేయాలి. రిజిస్టర్ అయిన దస్తావేజుకు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు సర్టిఫైడ్ కాపీ ఇస్తుంది. పదో తరగతి మెమోకు చదివిన బడి ద్వారా ప్రభుత్వ పరీక్షల విభాగానికి దరఖాస్తు పెట్టుకుంటే డూప్లికేట్ వస్తుంది. ఆధార్, పాన్, పాస్‌పోర్టు మళ్లీ తీసుకోవచ్చు. డిజిలాకర్లో జారీ అయిన పత్రాలకు 2016 నిబంధనల ప్రకారం అసలు పత్రాలతో సమానమైన విలువ ఉంది. తిరగడం, ఖర్చు, చిరాకు ఉంటాయి, నిజమే. అయినా అవన్నీ తిరిగి వచ్చేవే.

తిరిగి రానివి ఫోటోలు, అమ్మమ్మ ఉత్తరాలు, నాన్న చేత్తో రాసిన పద్దు పుస్తకం. చిత్రమేమిటంటే, మంట ఆర్పిన నీళ్లకు తడిసిన వాటి గురించి ఎవరూ సలహా ఇవ్వరు, ఇస్తే "ఎండలో ఆరేయండి", "ఇస్త్రీ పెట్టె పెట్టండి" అంటారు. ఎండకు ఫోటో వంకర తిరిగి పెళుసవుతుంది, ఇస్త్రీకి రంగు కరుగుతుంది. విడిగా ఉన్నవాటిని నీడలో, తెల్లటి నూలుగుడ్డ మీద, బొమ్మ పైకి ఉండేలా పరచండి. అతుక్కున్నవాటిని లాగకండి. తడి కాగితానికి రెండు రోజుల్లోనే బూజు పట్టవచ్చు. అంతలోగా చక్కబెట్టలేమనిపిస్తే ప్లాస్టిక్ కవర్లో చుట్టి పొరుగింటి ఫ్రిజ్ పై అరలో, ఐసు గడ్డకట్టే చోట పెట్టండి. నెల తర్వాతైనా నెమ్మదిగా విడదీసుకోవచ్చు. ఇల్లు క్షేమంగా ఉన్నవాళ్లు ఈ ఆదివారమే పాత ఆల్బమ్‌లు ఫోన్లో ఫోటో తీసి, వేరే ఊళ్లో ఉన్న అక్కకో తమ్ముడికో పంపండి.