మీటర్ ముట్టకుండా కారు బాగుచేసే విధానం

సిగ్నల్ దగ్గర ఆగగానే బండంతా వణుకుతుంది. హెడ్‌లైట్లు వేస్తే ఇంజను మూలుగుతుంది, ఏసీ కూడా వేస్తే ఆగిపోతుంది. మీది మారుతి 800 అనుకుందాం. 1983 డిసెంబరులో రోడ్డెక్కి 2014 జనవరి దాకా తయారైన బండి కాబట్టి దాని గుట్టు తెలిసినవాళ్లు వీధికి నలుగురుంటారు. ఈ కింది సూచనలు పాటిస్తే, అసలు లోపం ఏమిటో తెలుసుకునే శ్రమ మీకు ఎప్పటికీ ఉండదు.

1. ముందు అందరినీ అడగండి. బావగారు ప్లగ్గులంటారు, పక్కింటాయన కార్బొరేటరంటాడు, వాచ్‌మన్ పెట్రోలు కల్తీ అంటాడు. ముగ్గురి మాటా ఒకే రోజు పాటించండి. బండి బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తేలదు. ముగ్గురూ తమవల్లే అనుకుంటారు, చుట్టరికాలు చెడవు.

2. బ్యాటరీ మార్చండి. నిండుగా ఛార్జయి ఊరికే ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. ఇంజను నడుస్తుంటే అది 13.8 నుంచి 14.4 దాకా పెరగాలి. పెరగకపోతే అనుమానించవలసింది ఆల్టర్నేటర్‌నీ, దాని బెల్టునీ, తీగల బిగింపునీ. కానీ అది చూడాలంటే కొన్ని వందలు పెట్టి మల్టీమీటర్ కొనాలి. అంత దుబారా ఎందుకు? కొన్ని వేలు పెట్టి బ్యాటరీయే కొనండి. ఛార్జింగ్ లేకపోయినా కొత్తది కొన్నాళ్లు లాక్కొస్తుంది. ఆ కొన్నాళ్లూ మీ నిర్ణయం సరైనదే.

3. ఐడ్లింగ్ స్క్రూ బిగించండి. వణుకు తెలియనంత వరకు ఆర్‌పీఎం పెంచేస్తే పనైపోయినట్టే. ఎక్కడో పగిలిన రబ్బరు గొట్టం గాలి లాగుతుండవచ్చు. ఐడ్లింగ్‌లో ఇంజను పీల్చే గాలే తక్కువ కనుక ఆ దొంగగాలి అప్పుడే ఎక్కువ బాధిస్తుంది, రేస్ ఇస్తే సర్దుకుంటుంది. అందుకే మనమంతా ‘రేస్ చేస్తే బాగానే ఉంది’ అని తృప్తి పడతాం.

4. ఎర్తు వైరు జోలికి మాత్రం పోకండి. ఇంజను కూర్చునేది రబ్బరు మౌంట్ల మీద. రబ్బరులో కరెంటు పోదు. కాబట్టి బ్యాటరీ నుంచి బయల్దేరిన కరెంటు ఇంజనులోంచి తిరిగి రావడానికి బాడీకో, గేర్‌బాక్సుకో బిగించిన ఒక తీగే దారి. ఏళ్ల తరబడి వానా బురదా పడి ఆ బోల్టు తుప్పు పడితే బండిలో విడ్డూరాలు మొదలవుతాయి. లైటు వేస్తే డాష్‌బోర్డు మీటరు ముల్లు కదులుతుంది. ఇండికేటరు వేస్తే ఇంకో బల్బు మినుకుమంటుంది. కార్బొరేటర్ బదులు కంప్యూటరు పెట్రోలు కొలిచిచ్చే ఎంపీఎఫ్ఐ బండైతే సెన్సార్ల లెక్క తప్పి ఐడ్లింగ్‌లో తూలుతుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు అంత కరెంటూ దారి దొరక్క క్లచ్ కేబుల్‌లోంచో యాక్సిలరేటర్ కేబుల్‌లోంచో పరుగెత్తితే కేబుల్ వేడెక్కుతుంది కూడా.

చూడటం చాలా తేలిక. మీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్‌కి, రెండోది ఇంజను లోహానికి ఆనించి ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనాలి. అర వోల్టు దాటితే దారి బాగాలేదని అర్థం. బోల్టు విప్పి, గరుకు కాగితంతో గీకి, బిగిస్తే సరి. కొత్త సామాను ఏదీ అక్కర్లేదు.

ఇబ్బందంతా అక్కడే. మెకానిక్ గంటసేపు వెతికి ఆ బోల్టు పట్టుకుని డబ్బడిగితే ‘వైరు బిగించినందుకు ఇంతా అన్నా?’ అంటాం. అదే కొత్త కాయిల్ వేసి, పాతది గుడ్డలో చుట్టి చేతిలో పెడితే కిమ్మనకుండా ఇస్తాం. వస్తువుకు డబ్బిస్తాం, వెతకడానికి ఇవ్వం. అలా ఏళ్ల తరబడి మనమే నేర్పాక, బానెట్ ఎత్తకముందే ‘కాయిల్ పోయింది సార్’ అంటున్నాడని వాపోతాం. పోనీ మనమైనా చూస్తామా అంటే, చూస్తే ఇన్నాళ్లూ చూడని సంగతి బయటపడుతుంది. కొనడంలో ఆ చిక్కు లేదు.

5. ప్లగ్గులు మార్పిస్తే పాతవాటి ముఖం చూడకుండా పారేయండి. నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోందనీ, తెల్లబడితే చాలడం లేదనీ, లేత గోధుమరంగుంటే అంతా సవ్యమేననీ అవి చెప్పేస్తాయి. మూడు సిలిండర్ల బండిలో సాక్షులు ముగ్గురే, వదిలించుకోవడం సులువు.

6. పది ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే ముప్పై ఆకుపచ్చది పెట్టండి. ఇక ఫ్యూజు పోదు, వైరింగే పోతుంది.

7. ఆల్టర్నేటర్ పరీక్షకు ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకండి. వోల్టేజి ఎగిసిపడి కంప్యూటరో డయోడ్లో పోతే, మార్చడానికి ఇంకో సామాను దొరికినట్టే.

8. పాటల సౌండ్ పెంచండి.

9. ఇవేవీ ఫలించకపోతే అమ్మేయండి. ప్రకటనలో ‘కొత్త బ్యాటరీ, కొత్త ప్లగ్గులు, కొత్త కాయిల్’ అని రాయడం మరవకండి, అంతా నిజమే కదా. కొన్నవాడి దగ్గర మీటరూ గరుకు కాగితం ముక్కా ఉంటే మాత్రం, తరవాత బండి ఎలా ఉందని ఫోన్ చేసి అడక్కండి.