రెండు మార్కుల ప్రశ్నకు టీకా తాత్పర్యం

మూలం: పి (3, −4) బిందువుకు ఎక్స్-అక్షం దృష్ట్యా ప్రతిబింబం కనుక్కోండి. (2 మార్కులు)

ప్రతిపదార్థం: బిందువు = పొడవూ వెడల్పూ లేనిదై, పెన్సిలు మొద్దుబారినప్పుడు మాత్రం రెండూ సంతరించుకొనేది; (3, −4) = మూలబిందువు నుంచి కుడికి మూడు గళ్లు, కిందికి నాలుగు గళ్లు నడిస్తే వచ్చే చోటు, అనగా నాలుగో పాదం; ఎక్స్-అక్షం దృష్ట్యా = అడ్డగీతనే అద్దంగా ఎంచి; ప్రతిబింబం = అద్దానికి ఆవల అంతే దూరాన, తిన్నగా ఎదురుగా ఉండే బిందువు; కనుక్కోండి = పక్కవాడి కాగితంలో కాదని భావం; 2 మార్కులు = ఫలశ్రుతి.

తాత్పర్యం: జవాబు (3, 4). బిందువు అద్దానికి నాలుగు గళ్లు కింద ఉంది కనుక ప్రతిబింబం నాలుగు గళ్లు పైన ఉంటుంది. కుడి ఎడమల ఊసు లేదు కనుక 3 కదలదు. రెండింటినీ కలిపే రేఖాఖండాన్ని అద్దం (3, 0) వద్ద లంబంగా, సరిగ్గా సగానికి ఖండిస్తుంది.

శంక: పేరెత్తింది ఎక్స్‌ను, మారింది వై. ఇదేం న్యాయం?

సమాధానం: ఈ పాఠంలో తప్పులకు పుట్టిల్లు ఇదే. ఎక్స్ అన్న మాట చెవిన పడగానే కలం 3 మీదికి పోయి (−3, −4) రాసేస్తుంది. అది వై-అక్షంలో కనబడే ప్రతిబింబం. చెరువుగట్టు మీది తాడిచెట్టు నీళ్లలో తలకిందులవుతుందే గాని అవతలి గట్టుకు పోదు. నీటిగీత ఎక్స్-అక్షం, చెట్టెత్తు వై. అద్దం ఏ అక్షమో ఆ నిరూపకం నిలుస్తుంది, రెండోది గుర్తు మార్చుకుంటుంది.

మరో శంక: సూత్రం (ఎక్స్, −వై) అంటుంది గదా, జవాబులో ఋణసంఖ్య ఏదీ?

సమాధానం: ఆ గుర్తుకు అర్థం 'ఋణం చెయ్యి' అని కాదు, 'ఉన్న గుర్తు తిప్పు' అని. ప్రమాణం కావాలంటే క్రీ.శ. 628 నాటి బ్రహ్మస్ఫుటసిద్ధాంతం ఉంది. శూన్యం నుంచి ఋణాన్ని తీసివేస్తే ధనమవుతుందని బ్రహ్మగుప్తుడు అందులో తేల్చాడు. నాలుగు రూపాయల అప్పు ఎదురుతిరిగితే నాలుగు రూపాయల రాబడి.

పాఠాంతరాలు: 'బి' సెట్టులో 'మూలబిందువు దృష్ట్యా' అని ఉంటే జవాబు (−3, 4). బిందువును ఒక అక్షంలో, ఆపైన రెండో అక్షంలో ప్రతిబింబించినా, మూలబిందువు చుట్టూ 180 డిగ్రీలు తిప్పినా చేరేది ఇక్కడికే. 'వై = ఎక్స్ రేఖ దృష్ట్యా' అన్న పాఠంలో నిరూపకాలు చోట్లు మార్చుకుంటాయి: (−4, 3).

విశేషం: ఒంటి బిందువుతో బయటపడని గుట్టు త్రిభుజంతో తెలుస్తుంది. (1, 1), (4, 1), (1, 3) బిందువులను ఇదే వరుసలో కలిపితే నడక అపసవ్యం. వై-అక్షంలో వాటి ప్రతిబింబాలైన (−1, 1), (−4, 1), (−1, 3) వెంట పోతే నడక సవ్యం. లంబకోణమూ, 3, 2 భుజాలూ చెక్కుచెదరవు. తిరిగే దిశ ఒక్కటే తారుమారవుతుంది. అంబులెన్సు ముఖాన పేరు తిరగేసి రాయడమూ ఇందుకే: ముందుపోయే బండి అద్దంలో అది తిన్నగా కనబడాలి.

అనుమానం తీరనివారు గ్రాఫు కాగితాన్ని ఎక్స్-అక్షం వెంట మడిచి వెలుతురుకు పట్టి చూడవచ్చు. (3, −4) వచ్చి (3, 4) మీద కూర్చుంటుంది. మడతలోనే ఉన్న (5, 0) లాంటి చుక్క ఎటూ పోదు. దాని ప్రతిబింబం అదే.