కోఠీ మేడ చెప్పుకున్న సొంత కథ

సర్కారు కాగితాల మధ్య పెరిగిన మేడకు ‘నేను’ అనడం అలవాటు కాలేదు. ఆ లోకంలో మనిషి కంటే పదవికే మర్యాద ఎక్కువ. అందుకే హైదరాబాద్ కోఠీలోని ఈ మేడ తన కథను కూడా ఎవరిదో అన్నట్టే చెబుతుంది: రెసిడెన్సీ పుట్టింది, పెత్తనం చేసింది, దెబ్బతింది, చివరికి కాలేజీలో చేరింది.

పుట్టుక వెనకే ఒక ముచ్చట ఉంది. 1798 ఒప్పందంతో ఈస్టిండియా కంపెనీ సైన్యం నిజాం రాజ్యంలో తిష్ఠ వేసింది. కంపెనీ ప్రతినిధి, అంటే రెసిడెంటు, జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ మూసీ అవతలి ఒడ్డున తన నివాసానికి, అంటే రెసిడెన్సీకి, స్థలం కోరుతూ నిజాం అలీ ఖాన్‌కు పెద్ద నక్షా చూపించాడట. అంత పెద్ద కాగితం చూడగానే నిజాం ససేమిరా అన్నాడు. అదే నక్షాను చిన్న ముక్క మీద గీయించి మళ్లీ పెడితే, దానికేం భాగ్యం అన్నట్టు ఒప్పుకున్నాడట. స్థలం మాత్రం అంగుళం తగ్గలేదు!

మద్రాసు ఇంజనీర్ల దళంలోని శామ్యూల్ రస్సెల్ ప్లాను గీశాడు. 1803 ప్రాంతంలో పని మొదలైంది. సొమ్ము నిజాం ఖజానాది, దర్జా కంపెనీది. ముందు వసారాకు ఆరు ఎత్తైన స్తంభాలు, మెట్లకు అటూ ఇటూ సింహాలు, పైన త్రికోణపు ముఖభాగంలో కంపెనీ రాజచిహ్నం. దూరం నుంచి రాతి స్తంభాల్లా కనిపించేవి నిజానికి ఇటుక కట్టుబడి. పైన నున్నగా మెరుగుపెట్టిన సున్నపు గచ్చు. ఆ మెరుపు చూసే దర్బారు పెద్దలు సగం బెదిరిపోవాలని కంపెనీ ఆలోచన.

కట్టించినవాడికి అందులో కాపురం రాసిపెట్టి లేదు. మేడ పూర్తికాకముందే, 1805 అక్టోబరులో, కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో కన్నుమూశాడు. హైదరాబాద్ ఉన్నత కుటుంబానికి చెందిన ఖైరున్నిసాను అతను పెళ్లాడాడు. ఆమె కోసం ఆవరణలోనే రంగ్‌మహల్ అనే జనానా కట్టించాడు. పరదా దాటని ఆమె చూసుకోవడానికే తోటలో ఈ మేడకు చిన్న నమూనా చేయించాడని కూడా చెబుతారు. ఇద్దరు పిల్లలనూ అదే ఏడు ఇంగ్లండుకు పంపించేశారు. వాళ్లు మళ్లీ ఈ గడ్డ మీద కాలు పెట్టలేదు. తర్వాతి దొరల హయాంలో రంగ్‌మహల్‌నూ పడగొట్టేశారు.

1857 జులై 17న మేడకు తన బలమెంతో, భయమెంతో ఒకేసారి తెలిసొచ్చింది. సిపాయిల తిరుగుబాటు రోజులవి. తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో రోహిల్లాలు (అఫ్గాన్ మూలాల యోధులు), నగర జనం దాడికి దిగారు. ఫిరంగులు వాళ్లను వెనక్కి కొట్టాయి. తుర్రెబాజ్ ఖాన్‌ను పట్టుకున్నారు, తప్పించుకున్నాడు, చివరికి కాల్చి చంపారు. మౌల్వీని అండమాన్‌కు పంపారు. ఆ తర్వాత ప్రహరీకి బురుజులు లేచాయి. దాడి చేసినవాళ్ల పేరిట ఇప్పుడు అదే కోఠీలో స్మారక స్తంభం ఉంది.

చుట్టుపక్కల రెసిడెన్సీ బజార్ల మీద బ్రిటిష్ వాళ్ల అధికారం 1933లో తిరిగి నిజాం చేతికొచ్చింది. 1947లో రెసిడెంటే వెళ్లిపోయాడు. ఖాళీ మేడకు తాళం వేసి ఊరుకోలేదు. 1924లో మొదలైన ఉస్మానియా మహిళా కళాశాలను 1949లో ఇక్కడికి తెచ్చారు. దొరలు విందులు చేసుకున్న చోట అమ్మాయిలు పాఠాలు విన్నారు. సలాము కొట్టి ఎక్కాల్సిన మెట్ల మీద కూర్చుని నోట్సులు మార్చుకున్నారు.

వయసు మీద పడ్డాక కప్పు కారింది, గచ్చు రాలింది, కలపను చెమ్మ తినేసింది. 2002లో ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో ప్రపంచ స్మారకాల నిధి (వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్) ఈ మేడ పేరు చేర్చింది. తర్వాత ఏళ్ల తరబడి మరమ్మతులు సాగాయి. సున్నంతో కట్టిన ఇలాంటి పాత ఇటుక కట్టుబడికి సిమెంటు పడదు. అది చెమ్మను లోపలే బంధిస్తుంది. పాత పద్ధతిలో సున్నమే మళ్లీ అద్దాల్సి వచ్చింది.

2022లో కళాశాల విశ్వవిద్యాలయమైంది. 2024లో ప్రభుత్వం దానికి చాకలి ఐలమ్మ పేరు ప్రకటించింది. పాలకుర్తిలో తన పొలం కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన మనిషి ఆమె. సింహాలు కాపలా కాసే ఈ ఆవరణకు ఇప్పుడు ఆమె పేరే చిరునామా. బస్సు కండక్టర్లు మాత్రం ఇంకా ‘ఉమెన్స్ కాలేజీ, ఉమెన్స్ కాలేజీ’ అనే కేకేస్తారు.