పేపర్ల సారు

"ఎలా ఉన్నారు సార్?" అని అడగండి. "142" అంటారు. బీపీ అనుకుని కంగారు పడకండి. అది ఆయన అచ్చువేయించిన పరిశోధన పత్రాల లెక్క. దసరాకి 131 ఉండేది. సంక్రాంతికల్లా 150 దాటించాలని పట్టుదల మీద ఉన్నారు.

హైదరాబాద్ నాచారంలో ఆయన్ని అందరూ పేపర్ల సారు అనే అంటారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్లు మాత్రం "మాకూ ఓ పేపరు వేయించండి సార్" అని అడిగి నాలిక కరుచుకుంటూ ఉంటారు. అసలు పేరు విజిటింగ్ కార్డు మీద ఉంది గానీ, డిగ్రీలూ సభ్యత్వాలూ 'ఇంటర్నేషనల్' పదవులూ వరసకట్టేసరికి అది ఒక మూలకి ఒదిగిపోయింది. ఉద్యోగం ఘట్‌కేసర్ దారిలో ఓ ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో, సివిల్ విభాగం. ఈయన ఒక్కరే అనుకోకండి. పొద్దున్నే ఉప్పల్ రింగురోడ్డు దగ్గర కాలేజీ బస్సులాగే చోట నిలబడితే ప్రతి బస్సులోనూ ఒకరు కనిపిస్తారు. తల వంచుకుని ఫోన్‌లో గూగుల్ స్కాలర్ తెరిచి తమ పేపర్ల లెక్క చూసుకుంటూ ఉంటారు, షేర్ మార్కెట్ వాళ్లు నిఫ్టీ చూసుకున్నట్టు.

ఆయన నిత్యం తిరిగే రోడ్డు మామూలు రోడ్డు కాదు, పెద్ద పెద్ద పరిశోధన సంస్థలున్న రోడ్డు. తార్నాక నుంచి ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ, ఇటు ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ. మెట్రో స్టేషన్‌కి కూడా ఎన్‌జీఆర్‌ఐ అని పేరు పెట్టుకున్న దారి. సారు ఉండే అపార్ట్‌మెంట్‌లోనే పై అంతస్తులో ఒక సైంటిస్టు గారున్నారు. అయిదేళ్లుగా ఒకే ప్రోటీన్ వెంట పడ్డారు. వచ్చిన పేపర్లు రెండు. లిఫ్టులో ఎదురైనప్పుడల్లా సారు ఆయన వైపు జాలిగా చూస్తారు. "పాపం, సంస్థ పెద్దదే. ఔట్‌పుట్టే లేదు."

సారు ఔట్‌పుట్ చూడాలంటే ఆయనతో మెట్రో ఎక్కాలి. ఉప్పల్‌లో రైలెక్కుతూ ఒక పేపరు పంపిస్తారు. స్టేడియం స్టేషన్ దగ్గర 'అందింది' అని మెయిల్. ఎన్‌జీఆర్‌ఐ దగ్గర 'నిపుణుల సమీక్షలో ఉంది' అని ఇంకోటి. హబ్సిగూడలో 'స్వల్ప సవరణలు అవసరం'. ఆ సవరణ ఏమిటంటే, రచయిత పేరు ముందు డాక్టర్ అని పెట్టడం మరిచారట. తార్నాకలో దిగేసరికి 'శుభాకాంక్షలు, ఆమోదించాం, ఫీజు కట్టగలరు'. ఎంత ఫీజో అప్పటిదాకా ఎవరూ చెప్పరు. అప్పటికి వద్దనుకున్నా పేపరు వెనక్కి ఇవ్వరు.

కథలు చెబుతున్నాననుకుంటారేమో. 2016లో న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయంలో పనిచేసే క్రిస్టోఫ్ బార్ట్‌నెక్ తన ఫోన్‌లో 'అటామిక్', 'న్యూక్లియర్' అని కొట్టి, ఆపైన ఫోన్ ఏ మాట అందిస్తే ఆ మాటే నొక్కుకుంటూ పోయి ఒక వ్యాస సంగ్రహం తయారుచేశారు. తలా తోకా లేని ఆ సరుకుని అణుభౌతిక శాస్త్ర సదస్సుకి పంపితే మూడు గంటల్లో ఆమోదం వచ్చింది. ఆ సదస్సు వెనక ఉన్నది మన హైదరాబాద్ కంపెనీయే, జర్నళ్లు కూడా నడిపే ఓమిక్స్. అదే ఏడాది అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఓమిక్స్ మీద కోర్టుకెక్కింది. సమీక్ష చేయకుండానే చేశామన్నారని, ఫీజులు దాచారని, ఒప్పుకోని శాస్త్రవేత్తల పేర్లు కూడా వాడుకున్నారని అభియోగం. 2019 మార్చిలో నెవాడా ఫెడరల్ కోర్టు 5.01 కోట్ల డాలర్లు చెల్లించమని తీర్పిచ్చింది. 2020లో అప్పీలు కోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. ఈ వార్త చదివి సిగ్గుపడాలో భయపడాలో మనకి తెలియదు గానీ సారుకి తెలుసు. "అయిదు కోట్ల డాలర్లా! మన సిటీ కంపెనీ టర్నోవర్ చూశారా!" అన్నారు.

సారు మెయిల్ పెట్టె తెరిస్తే గౌరవం పొంగి పొర్లుతూ ఉంటుంది. ప్రతి ఉత్తరం 'మహోన్నతులైన ఆచార్యా, శుభదినం' అన్న ధోరణిలోనే మొదలవుతుంది. ఇంట్లో టీ కావాలంటే రెండుసార్లు అడగాల్సిన మనిషికి ఈ మర్యాద ఎంత తీపో ఆలోచించండి. అలాంటి ఉత్తరాల పుణ్యమా అని ఆయన ఇప్పుడు పదకొండు జర్నళ్ల సంపాదకవర్గంలో ఉన్నారు. అందులో ఒకటి స్త్రీల వ్యాధులకి సంబంధించింది. "కాంక్రీటు మనిషివి, నీకూ వాటికీ ఏమిటయ్యా సంబంధం?" అని బావ అడిగితే "స్ట్రెంగ్తే కదా బావా, ఎక్కడైనా ఒకటే" అన్నారు.

ఇక పరిశోధన సంగతి. ఆయన దగ్గర ఎంటెక్ చేసే కుర్రాడు ఫ్లై యాష్ కాంక్రీటు తీసుకున్నాడు. సిమెంటు కొంత తగ్గించి థర్మల్ కేంద్రాల బూడిద కలిపితే బలం ఎలా ఉంటుందన్నది ప్రశ్న. 15 సెంటీమీటర్ల క్యూబులు పోత పోయాలి, మర్నాడు అచ్చు విప్పి నీళ్లతొట్టిలో వెయ్యాలి, 7వ రోజున కొన్నిటిని, 28వ రోజున కొన్నిటిని తీసి మిషన్‌లో పెట్టి పగలగొట్టాలి. కాంక్రీటు ఎవరి ప్రమోషన్ కోసమూ తొందరపడదు. సారుకేమో జర్నల్ గడువు పదిహేనో రోజున ఉంది. ఏడో రోజు అంకెలు తీసుకుని ఒకటిన్నరతో గుణించి 28వ రోజు గడిలో వేసేశారు. పెద్ద తప్పేమీ కాదన్నట్టు, నమ్మకం కలగడానికి చివర దశాంశాలు కూడా చేర్చారు.

చిక్కల్లా ఇక్కడే. బూడిద కలిపిన కాంక్రీటు మొదట నెమ్మదిగా ఉండి తర్వాత పుంజుకుంటుంది. ఎంత నెమ్మదో, ఎంత పుంజుకుంటుందో తేల్చడానికే ఆ కుర్రాడు ఎండలో ఇసుక జల్లించాడు. సారు చేసిన గుణకారంలో ఆ ప్రశ్నే కొట్టుకుపోయింది. పేపరు అచ్చయి వచ్చిన రోజు స్టాఫ్‌రూంలో స్వీట్లు పంచారు. ల్యాబ్ అటెండర్ లడ్డూ అందుకుని, గోడకి అంటించిన పేపరు వైపు చూసి అమాయకంగా అడిగాడు: "సార్, గా క్యూబులు గివేనా? గవి ఇంక తొట్టిలనే నానుతున్నయి గద!"

ఒక్క పేపరుతో ఆగితే ఆయన పేపర్ల సారు ఎందుకవుతారు? 10 శాతం బూడిదకి ఒకటి, 20కి ఒకటి, 30కి ఒకటి. మళ్లీ 7 రోజులకి విడిగా, 28 రోజులకి విడిగా. ఒక తొట్టి క్యూబుల్లోంచి ఆరు పేపర్లు తీశారు. పగిలిన క్యూబు ఫొటో మాత్రం ఒకటే. ఒక పేపర్లో నిలువుగా, ఒకదాంట్లో అడ్డంగా, ఇంకోదాంట్లో తలకిందులుగా ఉంటుంది.

రచయితల వరస పెళ్లి శుభలేఖని తలపిస్తుంది. పైన ప్రిన్సిపాల్ గారు, తర్వాత విభాగాధిపతి, ఆ తర్వాత కరస్పాండెంట్ గారి అల్లుడు, ఆపైన సారు. ఇసుక జల్లించిన కుర్రాడు అట్టడుగున 'బంధుమిత్రుల అభినందనలతో' ఉండే చోట ఉంటాడు, చోటు మిగిలితే. అంతర్జాతీయ వైద్య జర్నళ్ల సంపాదకుల కమిటీ రచయిత అనిపించుకోవడానికి నాలుగు షరతులు పెట్టింది. పనిలో చెయ్యి ఉండాలి, రాతలో పాలుండాలి, చివరి ప్రతి చూసి ఒప్పుకోవాలి, తప్పు బయటపడితే జవాబు చెప్పడానికి నిలబడాలి. మొదటి మూడూ లేకపోయినా అల్లుడుగారు సర్దుకుంటారు. నాలుగోది వినగానే ఆయన ఊళ్లో ఉండరు.

కాపీ సంగతి అడిగితే సారు చెవులు మూసుకుంటారు. "ఛ ఛ, మన సిమిలారిటీ తొమ్మిదిన్నర!" విశ్వవిద్యాలయాల గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం 10 శాతం దాకా పోలిక ఉంటే శిక్ష లేదు. 40 నుంచి 60 మధ్య తేలితే అధ్యాపకుడికి ఒక ఇంక్రిమెంటు పోతుంది, రెండేళ్లు కొత్తగా గైడ్‌గా ఉండనివ్వరు. అందుకే సారు ఎదుటివాళ్ల వ్యాసాన్ని సాఫ్ట్‌వేర్‌లో వేసి మాటలు మార్పిస్తారు. ఇలాంటి మార్పిళ్లని 2021 నుంచి ఫ్రాన్స్‌లోని గియోమ్ కబనాక్, ఆయన సహచరులు వేల పేపర్లలో పట్టుకున్నారు. రొమ్ము క్యాన్సర్ అని ఉండాల్సిన చోట 'వక్షస్థల విపత్తు' లాంటి ప్రయోగాలు కనబడ్డాయి. సారు సాఫ్ట్‌వేర్ ఇంకా ముదురు. రీఇన్‌ఫోర్స్డ్ కాంక్రీటుని 'ధైర్యం చెప్పబడిన కాంక్రీటు' చేసింది. జర్నల్ వాళ్లు అలాగే వేసేశారు. వాళ్లు చదివితే కదా.

నవ్వుకున్నాం సరే. ఈ సారుని తయారుచేసింది ఎవరు? 2010లో యూజీసీ అధ్యాపకుల పదోన్నతికి పాయింట్ల లెక్క తెచ్చింది. ఆ రోజు నుంచి సెలెక్షన్ కమిటీల ముందు పేపర్లు చదివే పని తప్పింది, లెక్కపెట్టే పని మిగిలింది. లెక్క ఉన్నచోట సరఫరా పుడుతుంది. 2013లో 'సైన్స్' పత్రిక తరఫున జాన్ బొహానన్ కావాలని తప్పులు పెట్టి రాసిన బూటకపు పేపరుని 304 జర్నళ్లకి పంపితే 157 జర్నళ్లు కళ్లకద్దుకున్నాయి. 2018 మేలో యూజీసీ తన ఆమోదిత జాబితాలోంచి 4,305 జర్నళ్లని తీసేసింది. 2019లో కేర్ అని కొత్త జాబితా పెట్టింది. 2025లో దాన్నీ ఎత్తేసి, జర్నళ్లని బేరీజు వేసే పని విద్యాసంస్థలకే వదిలింది. సారు కాలేజీలోనూ వెంటనే కమిటీ వేశారు. దానికి అధ్యక్షులెవరో వేరే చెప్పాలా? అత్యధిక అనుభవం ఆయనదే కదా.

ఇది ప్రైవేటు కాలేజీల జబ్బు మాత్రమే అనుకుంటే పొరపాటు. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఒక రసాయనశాస్త్ర ఆచార్యుడు 2004-07 మధ్య వేసిన 70 దాకా పేపర్లలో కాపీలు, కల్పనలు ఉన్నాయని 2008లో బయటపడి ప్రపంచమంతా పాకింది. ఆ పేపర్లు అచ్చయింది పేరున్న విదేశీ జర్నళ్లలో. జర్నల్ మంచిదైనంత మాత్రాన లోపలి సరుకు మంచిదని రాసిచ్చేవాళ్లు ఎవరూ లేరు.

సారుని ఇరుకున పెట్టింది పెద్ద దర్యాప్తేమీ కాదు. కొత్తగా చేరిన లెక్చరరమ్మాయి బస్సులో పక్క సీట్లో కూర్చుని అడిగింది. "సార్, మీ 142లో మీకు బాగా నచ్చింది ఏది సార్?" సారు కళ్లజోడు తీసి తుడిచారు. బోడుప్పల్ దాటింది, మేడిపల్లి దాటింది. "అన్నీ బాగుంటాయమ్మా" అన్నారు చివరికి. ఆమె వదల్లేదు. "అందులో మీరేం కనిపెట్టారు సార్?" ఆ పూట బస్సు కాస్త తొందరగా కాలేజీకి చేరినందుకు సారు డ్రైవర్‌కి మనసులోనే దండం పెట్టుకుని ఉంటారు.

ఆ అమ్మాయిలాంటి వాళ్లకి నాలుగు మాటలు. పిలవని పేరంటంలా వచ్చే జర్నల్ మెయిల్‌కి జవాబివ్వకండి. పంపే ముందు ఆ జర్నల్‌లో అచ్చయిన వ్యాసాలు రెండు చదవండి. సంపాదకవర్గంలో ఉన్నారన్న వాళ్లలో ఒకరికి రాసి నిజమేనా అని అడగండి. ఫీజెంతో ముందే చెప్పని చోటికి, వారంలో అచ్చువేస్తామన్న చోటికి పోకండి. రచయితల పేర్లు, వాటి వరస పని మొదలైన రోజునే కాగితం మీద పెట్టుకోండి. కొలతలు తీసిన నోటుబుక్కు తేదీలతో సహా దాచండి, రేపు ఎవరైనా అడిగితే చూపించేది అదే. తప్పు దొరికితే పేపరు మీరే వెనక్కి తీసుకోండి. పట్టుబడి తీసుకోవడం కన్నా అది వెయ్యి రెట్లు మర్యాద. ఒక పనిని ఆరు ముక్కలు చేసే ముందు, ఆరు ముక్కల్లో ఏదైనా ఒక్కటి తనంతట తాను నిలబడుతుందేమో చూసుకోండి.

కాలేజీ యాజమాన్యాలకి ఒక్కటే మాట. ఇంటర్వ్యూలో పేపర్ల జాబితా పక్కన పెట్టి, అభ్యర్థి ఎంచుకున్న మూడు పేపర్లు మాత్రం తీసుకుని, వాటి మీద అరగంట ప్రశ్నలు వెయ్యండి. ఖర్చు లేదు, సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. నిజంగా క్యూబులు పగలగొట్టినవాడు ఆ అరగంటలో ఇట్టే తెలిసిపోతాడు.

ఇక ఇళ్లలోవాళ్లకి మనవి. మీ ఇంట్లో పీహెచ్‌డీ చేసే పిల్లలుంటే పండక్కి వచ్చినప్పుడు ఎన్ని పేపర్లయ్యాయని అడక్కండి. ఒక్కటి తీసుకుని, అందులో ఏముందో అమ్మమ్మకి అర్థమయ్యేలా చెప్పమనండి. చెప్పగలిగితే ఇంకో అరిసె వడ్డించండి. చెప్పలేకపోతే తిట్టకండి, ఆ పేపరు ఇంకా పంపొద్దని మాత్రం చెప్పండి.