పరదేశపు చవక బొగ్గు

శంషాబాద్‌లో 2008లో విమానాశ్రయం తెరిచాక కొన్నేళ్లపాటు అక్కడ విమానమెక్కిన మన పెద్దమనుషుల సంచుల్లో ఒక పట్టిక ఉండేది. ఎడమవైపు దేశాల పేర్లు, కుడివైపు టన్ను బొగ్గు తవ్వడానికయ్యే ఖర్చు. ఇండోనేషియా చవక, ఆస్ట్రేలియా నాణ్యం, సింగరేణి దండగ. అందులో ఉన్నదింతే. కానీ అది చూపిస్తే బ్యాంకులు వేల కోట్లు కుమ్మరించేవి.

ఆ విమానాశ్రయానికి కూతవేటు దూరంలో ఉన్న మహేశ్వరం రైతు ఇలాంటి పట్టికను నమ్మి ఉండడు. ఆయన చేని కింద ఉన్నది గ్రానైటు. ఇక్కడి 53 చదరపు కిలోమీటర్ల నేలలో నీటి లెక్కను ఎన్‌జీఆర్‌ఐ, ఫ్రెంచి శాస్త్రవేత్తలు కలిసి ఏళ్లతరబడి కొలిచారు. రైతు అప్పులు చేసి కొలిచాడు. బోరు బండివాడు ముందు చెప్పేది అడుగు రేటు. అది వినసొంపుగానే ఉంటుంది. లోతుకు పోయేకొద్దీ రేటు మారుతుంది. కేసింగు పైపు వేరు, మోటారు వేరు, కేబులు వేరు. నీళ్లకు బదులు దుమ్ము లేస్తే ఆ దుమ్ముకూ అడుగుల లెక్కనే కట్టాలి. అందుకే బోరు ఎంతకు పడిందని అడిగితే ఏ రైతూ అడుగు రేటు చెప్పడు. మూడోదాంట్లో నీళ్లు పడ్డయి, ఎకరం పోయింది అంటాడు. పై చదువులు చదివిన మన కంపెనీలు మాత్రం అడుగు రేటు చూసే సంతకాలు పెట్టాయి.

2011లో జీవీకే ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌లాండ్‌లోని గలిలీ బేసిన్‌లో హ్యాంకాక్ వాళ్ల బొగ్గు నిక్షేపాల్లో పెద్ద వాటాను 126 కోట్ల డాలర్లకు కొన్నది. బొగ్గు బోలెడుంది, తవ్వడం సులువు. నిజమే. రేవు మాత్రం దాదాపు 500 కిలోమీటర్ల దూరం, మధ్యలో రైలు పట్టా లేదు. అక్కడి నుంచి వ్యాపారానికని ఒక్క టన్నూ ఓడెక్కలేదు. 2023లో లండన్ హైకోర్టు జీవీకేను బ్యాంకులకు 200 కోట్ల డాలర్లకు పైగా కట్టమన్నది. టన్నుకు ఎంత పడిందో భాగించి చూద్దామంటే కింద సున్నా ఉంది.

ఆ 2011లోనే ల్యాంకో పశ్చిమ ఆస్ట్రేలియాలో గ్రిఫిన్ కోల్‌ను కొన్నది. 2016లో అక్కడి మెయింటెనెన్స్ కార్మికుల జీతాలు 40 శాతానికి పైగా తెగ్గోశారు. పట్టికలో ఖర్చు తగ్గే ఉంటుంది, సంతోషం. 2018లో ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ లిక్విడేషన్‌కు పోయింది, 2022లో గని రిసీవర్ల చేతికి పోయింది. తర్వాత దాన్ని నడపడానికి అక్కడి సర్కారే సొమ్ము పోయాల్సి వచ్చింది. మన విమానాశ్రయం నడిపే జీఎంఆర్ కూడా 2011లో ఇండోనేషియా గనుల కంపెనీలో 30 శాతం వాటా కొన్నది. 2022లో అమ్ముకుని బయటపడింది.

కృష్ణపట్నం కథ ఇంకా ముచ్చటైనది. నెల్లూరు తీరాన 4,000 మెగావాట్ల ప్లాంటు కట్టి, యూనిట్ 2 రూపాయల 33 పైసలకే ఇస్తానని 2007లో రిలయన్స్ పవర్ కాంట్రాక్టు గెలిచింది. ధీమా అంతా ఇండోనేషియా బొగ్గు మీదే. 2010లో ఇండోనేషియా సర్కారు తమ బొగ్గును అంతర్జాతీయ ధరకు తక్కువకు అమ్మొద్దని రూలు పెట్టింది. గొయ్యి అదే, యంత్రాలవే, కూలీలు వాళ్లే. తవ్వే ఖర్చు పెరగలేదు, అమ్మే ధర పెరిగింది. తవ్వకం చవకైతే ఆ లాభం తవ్వేవాడిది గానీ కొనేవాడిది ఎలా అవుతుందో, ఆ రోజుల్లో పట్టికను నమ్మినవాళ్లకు అనుమానం రాలేదు. ప్లాంటు లేవనే లేదు.

ఇంత జరిగినా ఆ పట్టిక చావలేదు. సింగరేణి కార్మికుణ్ని తిట్టాల్సిన ప్రతిసారీ దుమ్ము దులిపి బయటికి తీస్తారు. గోదావరిఖనిలో బొగ్గుబాయిలోకి దిగి పనిచేసే మనిషిని తెచ్చి, ఇండోనేషియాలోని కాలిమంటాన్‌లో ఆకాశం కింద నడిచే యంత్రం పక్కన నిలబెడతారు. మన బొగ్గులో బూడిద ఎక్కువన్నది గుర్తుంటుంది. అక్కడి నాసిరకం బొగ్గులో మూడో వంతు దాకా తేమేనని, ఓడ కిరాయి ఆ నీళ్లకూ కట్టాలని గుర్తుండదు. పోనీ బాయిలు మూసి అన్నీ ఓపెన్‌కాస్టులే చేద్దామంటారా, లేచిపోయిన ఊరికీ, ఊరి పక్కన లేచిన ఓబీ మట్టి గుట్టకూ పట్టికలో గడి ఉండదు.

ఆస్ట్రేలియాలో ఒక్కో మనిషి షిఫ్టుకు ఎన్ని టన్నులు తీస్తాడో మాత్రం పెద్దక్షరాల్లో ఉంటుంది. వాడి జీతమెంతో కూడా చూపించండి అంటే, ఆ పేజీ ప్రింటు కాలేదంటారు.