ఎంబసీ అల్లుడు

మా ఏటికొప్పాక చుట్టుపక్కల లా చదివిన కుర్రాడికి పెళ్లి సంబంధాల్లో పెద్ద గిరాకీ ఉండదు. నర్సీపట్నం కోర్టులో నల్లకోటు వేసుకుని వాయిదాలకు తిరిగేవాడి ఊసెత్తితే, "ఇంకా ప్రాక్టీసు కుదురుకోలేదటండీ" అని పెళ్లిళ్ల పేరయ్య గొంతు తగ్గిస్తాడు. అదే కుర్రాడు ఢిల్లీ చాణక్యపురిలో ఏదో దేశపు ఎంబసీలో 'స్థానిక న్యాయ నిపుణుడు'గా చేరాడంటే ఇక చూడాలి. అడ్డరోడ్డు టీకొట్టు నుంచి వరాహ నది గట్టు దాకా ఒకటే మాట, మనోడు ఎంబసీలో లాయరు! రెండు నెలలకి ఆ మాటలోంచి లాయరు రాలిపోతాడు, ఎంబసీ మిగులుతుంది. ఆర్నెల్లు తిరిగేసరికి అమెరికా వీసాల మీద సంతకం పెట్టేది మనోడే. అతను పనిచేస్తున్నది అమెరికా ఎంబసీలో కాదని ఎవరైనా గుర్తుచేస్తే, "ఏ ఎంబసీ అయితేనేం, అందరూ ఒకటే కదండీ" అని జవాబు.

కట్నం లెక్కలు ఎటు పోతాయో నేను చెప్పక్కర్లేదు.

ఇంతకీ ఆ సీట్లో కూర్చుని మనోడు చేసే పనేమిటి? మన దేశపు చట్టాన్ని పరాయి దేశపు అధికారికి అర్థమయ్యేలా చెప్పడం. తేలికైన పని అనుకోకండి. ఒక దరఖాస్తుదారుడు సొంత అక్క కూతుర్ని పెళ్లాడాడు. కాగితాలు చూసిన అధికారికి కళ్లు తిరిగాయి. 1955 నాటి హిందూ వివాహ చట్టం దగ్గరి బంధువుల పెళ్లి కూడదంటుంది. కానీ ఆ ఇద్దరి ఆచారం ఒప్పుకుంటే పర్వాలేదని కూడా అంటుంది. మన జిల్లాల్లో మేనమామకి పిల్లనివ్వడం తాతల నాటి నుంచీ ఉన్నదే. ఈ సంగతి వినయంగా, అడుగున సెక్షన్ నంబరు వేసి, రెండు పేజీల్లో రాసివ్వాలి. రెండో ఫైలు దత్తతది. పిల్లల్లేరని తమ్ముడి కొడుకుని పూజారి ఎదుట, ఊరి పెద్దల మధ్య దత్తత తీసుకున్నారు. 1956 చట్టం ప్రకారం అది చెల్లుతుందా, పిల్లవాణ్ని దేశం దాటించాలంటే ఇంకే అనుమతులు కావాలి? మూడో ఫైల్లో ఒకే మనిషికి పదో తరగతి సర్టిఫికెట్లో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు, పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుదో వెనకదో తెలియని మూడో పేరు. ఈ ముగ్గురూ ఒకడేనని తేల్చేసరికి సాయంత్రమవుతుంది.

నిజాయితీగా చెప్పాలంటే ఇది చదువున్నవాడి పని, గౌరవమైన పని. నా పేచీ పనితో కాదు, ఆ పని చుట్టూ మనం కట్టిన గుడితో.

గుడి అని ఎందుకన్నానంటే, అందులోకి పిటిషన్ తీసుకెళ్లే దారి లేదు. మన సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 86వ సెక్షన్ ఒకటుంది. విదేశీ రాజ్యం మీద దావా వేయాలంటే ముందు కేంద్ర ప్రభుత్వం రాతపూర్వకంగా సమ్మతించాలి. రాయబారి మీద వేయాలన్నా అంతే. ఇప్పుడు మన నిపుణుణ్ని ఊహించుకోండి. పదేళ్లు ఆ ఆఫీసుకి భారత చట్టం చెప్పాడు. గ్రాట్యుటీ ఎంతివ్వాలో, నోటీసు ఎన్నాళ్లివ్వాలో డ్రైవర్ల కోసం, మాలీల కోసం తనే నోట్లు రాశాడు. ఒక శుక్రవారం సాయంత్రం, సోమవారం నుంచి రానక్కర్లేదని చెప్పేశారు. మనోడు ఆవేశంగా దావా ముసాయిదా రాసుకుంటాడు, 86వ సెక్షన్ దగ్గర కలం ఆగుతుంది. పెళ్లిలో వంటంతా చేసినవాడికి పంక్తిలో విస్తరి వేయడానికి వేరే ఊరి పెద్దమనుషుల్ని అడగాలన్నట్టుంది వ్యవహారం.

86వ సెక్షన్ దగ్గర ఇలా ఆగిపోవడం ఊహ కాదండీ, ఈ దేశంలో జరిగింది. ఢిల్లీలో అల్జీరియా ఎంబసీకి మరమ్మతు పనులు చేసిన ఒక కాంట్రాక్టరుకి డబ్బు రాలేదు. దావాకి అనుమతివ్వండని విదేశాంగ శాఖని అడిగితే, రాజకీయ కారణాల పేరు చెప్పి కాదన్నారు. సున్నం వేయించినందుకు రావలసిన బాకీలో రాజకీయమేమిటని అప్పుడు ఎవరూ నవ్వలేదు. 1986లో సుప్రీంకోర్టు ఇలా కాదనడం కుదరదనీ, మళ్లీ పరిశీలించమనీ చెప్పింది. సున్నం ఆరిపోయి చాలా ఏళ్లయింది అప్పటికి. 2011లో ఇంకో తీర్పు వచ్చింది. ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ విమానంలో దార్ ఎస్ సలామ్‌కి పంపిన రంగుల సరుకు ఆలస్యంగా చేరి పాడైంది. ఆ కేసులో వినియోగదారుల ఫోరానికి వెళ్లడానికి 86వ సెక్షన్ అడ్డు రాదని కోర్టు తేల్చింది. అంటే పరదేశపు ప్రభుత్వ సంస్థ మీద రంగు పొడి గెలిచింది. మనిషి సంగతి ఇంకా తేలాలి.

లండన్‌లో ఈ విషయం 2017లోనే తేల్చుకున్నారు. సూడాన్, లిబియా ఎంబసీల్లో ఇంటిపని చేసిన ఇద్దరు ఆడవాళ్లు దావా వేస్తే, వాళ్లని కోర్టు మెట్లెక్కనివ్వని చట్టం మానవ హక్కులకు సరిపడదని బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పింది. ఐక్యరాజ్యసమితి 2004లో చేసిన ఒప్పందం కూడా ఉద్యోగ వివాదాల్లో రాజ్యాలు దావాల నుంచి తమకున్న రక్షణ చాటున దాక్కోకూడదనే అంటుంది, మినహాయింపులు కొన్ని పెట్టుకున్నా. మనవాళ్లు 2007లో దాని మీద సంతకం పెట్టారు. సంతకాలకేం, మన దగ్గర ఎప్పుడూ కొదవ లేదు.

మన ప్రభుత్వానికి ఈ ఉద్యోగులు ఒక్కసారి మాత్రం బాగా గుర్తొచ్చారు. 2013 డిసెంబరులో న్యూయార్క్‌లో మన డిప్యూటీ కాన్సుల్ జనరల్‌ని, పనిమనిషి జీతం, వీసా కాగితాల విషయంలో అరెస్టు చేసినప్పుడు. ఆ వారంలోనే అమెరికా ఎంబసీ ముందున్న బారికేడ్లు లేచిపోయాయి, ఇక్కడి అమెరికా కార్యాలయాల్లో భారతీయ ఉద్యోగుల జీతాలెంతో చెప్పమని ఢిల్లీ గర్జించింది. చూశారా, ఎంత ప్రేమ! వాళ్ల దౌత్యవేత్తల మీద కోపం వస్తే తప్ప మన గుమస్తాల జీతం మనకి గుర్తు రాదు. కోపం చల్లారింది. జీతాల ఊసు కూడా దాంతోనే చల్లారింది.

ఇక జీతం అంటారా. అమెరికా 1980 నాటి విదేశీ సేవల చట్టం స్థానిక ఉద్యోగికి స్థానికంగా నడుస్తున్న జీతాలను బట్టే ఇవ్వమంటుంది. ఆఫీసు విదేశానిది, రేటు మాత్రం మన వీధిది. ఈ ముక్క మన పేరయ్యకి ఎవరూ చెప్పినట్టు లేరు.

ఇలాంటి ఉద్యోగాలు తెలుగువాడికి కొత్తేం కాదు. ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటర్. నెల్లూరు వైపు వెన్నెలకంటి సుబ్బారావు అక్కడి సదర్ అదాలత్‌లో అనువాదకుడు, ఇంటర్‌ప్రిటర్. తెల్ల జడ్జీలకు మన ధర్మశాస్త్రాలు, మన వాదాలు, మన అబద్ధాలు అన్నీ వాళ్ల నోటి మీదుగానే చేరేవి. వీరాస్వామయ్య 1830 మేలో కాశీయాత్రకు బయల్దేరి 1831 సెప్టెంబరుకి గాని ఇల్లు చేరలేదు. పదిహేను నెలలు! ఇవాళ్టి ఏ ఎంబసీని అడిగినా పదిహేను రోజులకే మొహం మారుస్తుంది. రెండు వందల ఏళ్లలో మనం సాధించిన ప్రగతి ఇది.

ఇంతకీ మా ఊళ్లో న్యాయ నిపుణుడి అవసరం లేదా అంటే, బోలెడుంది. మా ఏటికొప్పాక లక్క బొమ్మలే చూడండి. అంకుడు కర్ర లేతు మీద గిర్రున తిరుగుతుంటే పనివాడు లక్క కడ్డీ ఆనిస్తాడు. రాపిడి వేడికి లక్క కరిగి పసుపో, నీలమో, జాఫ్రా ఎరుపో కర్రకి అంటుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపు. ఈ బొమ్మకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగుల్ని తిరిగి నిలబెట్టిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025లో ఢిల్లీ గణతంత్ర కవాతులో మా బొమ్మల శకటమే నడిచింది. అదే బొమ్మ అమెరికా పిల్లవాడి చేతికి చేరాలంటే 2008 నాటి వాళ్ల చట్టం చదవాలి. పూతలో సీసం పరిమితులు, బయటి ల్యాబ్‌లో పరీక్ష, ప్రతి బొమ్మ మీదా ఎక్కడ ఎప్పుడు తయారైందో తెలిపే గుర్తు. మన దేశంలో 2021 జనవరి నుంచి బొమ్మలకి తప్పనిసరైన బీఐఎస్ ముద్ర నుంచి చేతివృత్తులవాళ్లకి, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికి మినహాయింపు ఉంది. అదీ కాగితం రాసి నమోదు చేయించుకున్నవాడికే. ఆ కాగితం రాసే నిపుణుడి కోసం ఎవరూ ప్రకటన వేయరు. వేసినా మన కుర్రాళ్లు దరఖాస్తు పెట్టరు. లేతు పక్కన కూర్చునే లాయరుకి కట్నం ఎవరిస్తారు!

పైగా అక్కడి ఎంబసీలో మనోడి బల్ల ఒకవైపుకే తిరిగి ఉంటుంది. మన చట్టం వాళ్లకి చెప్పడానికే జీతం. వాళ్ల చట్టం మా లేతు దగ్గరికి తెచ్చి చెప్పడం అతని ఉద్యోగ వివరాల్లో ఎక్కడా ఉండదు. ఇది అతని తప్పు కాదు. బల్ల తిప్పమని అడగని మనదే.

కాబట్టి నర్సీపట్నం, యలమంచిలి కోర్టుల్లో వాయిదాలకు తిరుగుతున్న తమ్ముళ్లూ, ఎంబసీ నుంచి నియామక పత్రం వస్తే సంతోషించండి, ఊళ్లో స్వీట్లు పంచండి. సంతకం పెట్టే ముందు మాత్రం 'వివాదాలు' అన్న పేరా ఎక్కడుందో వెతకండి. ఏ దేశపు చట్టం, ఏ కోర్టు, దావా నుంచి తమకున్న రక్షణను వాళ్లు వదులుకుంటున్నారా లేదా, మూడూ రాతలో అడగండి. అడిగితే ఉద్యోగం ఇవ్వరేమోనని భయమైతే, మీ మొదటి న్యాయ సలహా మీకు మీరే చెప్పుకున్నట్టు లెక్క.